ఎల్లారెడ్డికి ఎగిరిపోయిన నా తెమడ డబ్బీ

యాసంగి నాట్లలో నా చేయి ఎప్పుడూ ముందుండేది. ఆ రోజు మాత్రం నడుం వంచితే దగ్గు, లేస్తే ఆయాసం. నా వరుస వెనకబడింది. "ఏమైందే స్వరూపా, గిట్ల రొప్పుతున్నవ్?" అంటూ నా వంతు కూడా మా అత్తే వేసింది. దగ్గు మందు సీసాలు అయిపోయాయి గానీ దగ్గు పోలేదు. సాయంత్రమైతే ఒళ్లు వెచ్చబడేది. నా పక్కలో పడుకునే మూడేళ్ల చిట్టికి ఏమంటుతుందోనని భయమేసి, దాన్ని అత్త దగ్గర పడుకోబెట్టాను.

ఆశా వర్కర్ లక్ష్మక్క చిన్న డబ్బీ ఇచ్చింది. "పొద్దుగాల తెమడ తీసి తే. టీబీ ఉందో లేదో చూస్తరు. డ్రోన్ మీద ఎల్లారెడ్డి టౌన్ల ల్యాబ్‌కు పోతది."

మా నాగిరెడ్డిపేటలో అప్పుడే ఆ ట్రయల్ మొదలైంది. జబ్బు సంగతి మరిచి నా ధ్యాసంతా డ్రోన్ మీదికి పోయింది. పొలాల్లో పురుగుమందు కొట్టే డ్రోన్‌ను చూశాను గానీ, నా తెమడ ఎగరడమేమిటి! అంత దూరం పోయేదాన్ని అసహ్యంగా ఎలా పంపుతాం? పొద్దున్నే దగ్గి చిక్కటిదంతా ఊసేశాను. పళ్లు తోముకుని, తేటగా ఉన్న ఉమ్మి పట్టి ఇచ్చాను.

డ్రోన్ లేవగానే, మందు కొడుతుందనుకుని ఎదురింటి అవ్వ ఆరబెట్టిన మిరపకాయలను లోపలికి లాక్కుంది. నేను మాత్రం అది కనబడినంత సేపు నోరు తెరుచుకుని చూశాను.

రిపోర్ట్ నెగెటివ్. ఆ సంతోషంలో చిట్టిని మళ్లీ పక్కలోకి తెచ్చుకున్నాను. కానీ దగ్గు తగ్గలేదు. కొన్ని వారాలకు కొంగుకు నెత్తురు చార అంటింది.

మా ఊరి దవాఖానకు పోతే, శాంపిల్ ఎలా ఇచ్చావని డాక్టర్ అడిగాడు. చెప్పాను. ఆయన తల పట్టుకున్నాడు. "అమ్మా, నువ్వు పంపింది ఉమ్మి. జబ్బున్నది నువ్వు ఊసేసినదాంట్ల."

ఈసారి చిక్కటిదే పంపాను. పాజిటివ్. "లంగ్ టీబీ. ఆరు నెలల కోర్సు, ఒక్క పూట మానొద్దు," అన్నాడు. వెంటనే చిట్టిని కూడా చూపించాను. చిట్టి ఎక్స్‌రే మంచిగానే వచ్చింది. అయినా ముందుజాగ్రత్తకు దానికీ మందు ఇచ్చారు.

మొదట్లో వాంతులు, ఎర్రటి మూత్రం. మూత్రం రంగు మందు వల్లేనని చెప్పాక ధైర్యం వచ్చింది. మందులూ డ్రోన్‌లోనే వచ్చేవి. దాన్ని నడిపే అన్నను ఊరుకోనిచ్చేదాన్ని కాదు.

"పెట్రోల్ ఎంత తాగుతదన్నా?"

"పెట్రోల్ ఏడిదక్కా, బ్యాటరీ. గా దవాఖాన మీదున్న సోలార్ పలకలతోనే చార్జింగ్. మందులు తెస్తది, శాంపిళ్లు తీస్కపోతది. ఉత్తగ తిరగదు."

"మరి వాన పడితే?"

"రాదు."

నిజంగానే ముసురు పట్టినప్పుడు రాలేదు. నా గోలీలు అయిపోవచ్చాయి. లక్ష్మక్క ఎల్లారెడ్డి బస్సులో వెళ్లి, తడుస్తూ తెచ్చింది.

కోర్సు పూర్తయింది. కామారెడ్డిలో తీసిన ఎక్స్‌రే బాగుంది. ఈ నాట్లలో మళ్లీ నా వరుసే ముందు.

మీకూ ఆ డబ్బీ ఇస్తే, నోరు నీళ్లతో పుక్కిలించి, గట్టిగా ఊపిరి పీల్చి, లోపలి నుంచి దగ్గి తెచ్చిన చిక్కటి తెమడే ఇవ్వండి. చూడటానికి బాగుండదని మొహమాటపడకండి. డ్రోన్ మనం పెట్టిందే మోసుకుపోతుంది. నేను తేటగా పంపిన ఆ ఉమ్మిని నమ్మే, చిట్టిని అన్ని వారాలు నా పక్కలో పడుకోబెట్టుకున్నాను.