ఎర్రయ్య ఇంజను

1998. మూతబడిన కంపెనీల ఆస్తులను కోర్టు తరఫున స్వాధీనం చేసుకుని అమ్మే అధికారిని లిక్విడేటర్ అంటారు. ఆయన తరఫున విశాఖలో పనులు చూసే గుమాస్తాను నేను. ఆ ఏడు రొయ్యలు ఎగుమతి చేసే ఒక కంపెనీ దివాలా తీస్తే దాని షెడ్డుకు సీలు వేశాం.

జాలరిపేట ఎర్రయ్య ఇంజను ఆ షెడ్డులో ఉండిపోయింది. తమకే సరుకు అమ్మే పడవల ఇంజన్లను కంపెనీ ఉచితంగా బాగుచేసేది. రిపేరుకు రాగానే నీలం రంగు కొట్టి, కంపెనీ నంబరు వేసేవారు. పేటలో అదొక గౌరవం. ఆ నీలం చూసే మావాళ్లు అన్నిటినీ కంపెనీ ఆస్తిగా రాసుకున్నారు.

"నానాల్లకి రొయ్యలమ్మినాను గానీ ఇంజనమ్మనేదు బాబూ. తెడ్డేసుకుని ఎంత దూరం ఎల్తాను? సేపలు ఒడ్డుకొచ్చి ఎర్రయ్యేడీ అని అడుగుతాయేటి?" అన్నాడు ఎర్రయ్య మా ఆఫీసుకు వచ్చి.

ఆయన మాట న్యాయమైనదే. బాగుచేయమని ఇచ్చిన వస్తువు ఇచ్చినవాడిదే. కంపెనీ అప్పులకు దాన్ని అమ్మకూడదు. కోర్టులో దరఖాస్తు వేయించాను. కంపెనీలో మానేసిన పాత మెకానిక్ ఒకాయన ఇంజనును గుర్తుపట్టి సాక్ష్యం చెప్పాడు. కొన్ని నెలలకు, దాన్ని ఎర్రయ్యకు ఇచ్చేయమని ఆర్డరు వచ్చింది.

సీలు తీసిన రోజు ఎర్రయ్య తన బావ సింహాచలాన్ని, ఆ మెకానిక్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. ఇద్దరు మోసే బరువది.

"గట్టిగా పట్టు బావా. పొద్దున్నేటైనా తిన్నావా నేదా?"

"నీకన్నా ఎక్కువే తిన్నాన్లే, ఎత్తు!"

ఇద్దరూ బలంకొద్దీ ఎత్తారు. ఇంజను ఎగిరినట్టు లేచింది. సింహాచలం వెనక్కి పడబోయాడు.

మెకానిక్ మూత విప్పాడు. పిస్టన్ లేదు. క్రాంక్‌షాఫ్ట్ లేదు. ఉత్త డొల్ల.

"నేను మానేసాక తీసీసినారండి," అన్నాడతను. "కంపెనీ పడవలకి బిగించుకున్నట్టున్నారు."

ఆర్డరు వచ్చేలోపే ఆ పడవలు బ్యాంకు బాకీ కింద వేలంలో పోయాయి.

"మరి నా సామానో?" అన్నాడు ఎర్రయ్య.

ఉన్న డొల్లకు ఆయన యజమాని. పోయిన భాగాలకు మాత్రం అన్‌సెక్యూర్డ్ క్రెడిటర్, అంటే తాకట్టు లేకుండా అప్పిచ్చినవాడు. బ్యాంకూ కార్మికులూ తీసుకున్నాక మిగిలితేనే ఆయన వంతు. అది విడమరిచి చెబితే నా ముఖంలోకి చూశాడు.

"అయితే నానూ ఆల్లకి అప్పిచ్చినోన్నేనా బాబూ? అడగనైనా నేదే!"

చివరికి ఆయన వంతుకు ఏమీ మిగల్లేదు. ఎర్రయ్య పోయి కొన్నేళ్లయింది. మీ వస్తువు ఏ కంపెనీ దగ్గరైనా ఉండిపోతే, అది మూతపడిందని తెలియగానే లిక్విడేటర్‌కు రాయండి. అది మీదేనని వాళ్లు ఒప్పుకోవడంతో ఆగకండి, విప్పి చూపించమనండి. ఎర్రయ్య మొదటిసారి మా ఆఫీసుకు వచ్చిననాటికి ఆ కంపెనీ పడవలింకా అమ్ముడుపోకుండా హార్బరులోనే ఉన్నాయి.