అన్నీ ఉన్నాయన్నాను

ఆమె మా ఆరోగ్య కేంద్రానికి మొదటిసారి ఒంటరిగా, ఆటోలో వచ్చింది. నా అనుమానం అక్కడే మొదలైంది.

మా డివిజన్‌కు కార్పొరేటర్ ఆమే. అయినా అప్పటిదాకా ఆమె గొంతు మేమెవరమూ వినలేదు. సభల్లో మాట్లాడేది, ఫోన్లెత్తేది, అధికారులను గద్దించేది ఆమె భర్త. ఆమె ఆయన పక్కన దండ చేత్తో పట్టుకుని నిలబడేది. అలాంటి మనిషి వెనక నలుగురు లేకుండా, ఫొటోలు తీసేవాళ్ళు లేకుండా, ఉదయం తొమ్మిదిన్నరకల్లా వచ్చి మందుల కిటికీ ముందు లైన్లో నిలబడింది. అల్వాల్ వైపు వెళ్ళే దారిలో ఒక బస్తీ మొదట్లో ఉంటుంది మా కేంద్రం. ఆ కిటికీకి ఇవతల కూర్చునే ఫార్మసిస్టును నేను.

తన వంతు వచ్చేదాకా ఆగి, కిటికీలోకి వంగి మెల్లగా అడిగింది.

"అక్కా, నాకు గోలీలు వద్దు. ఒక్క ముచ్చట చెప్పు. బీపీవి, షుగర్‌వి అందరికి సరిపోను వస్తున్నయా?"

బీపీ మాత్రలు అయిపోయి అప్పటికి మూడు వారాలు. షుగర్‌వి నెలకివ్వాల్సింది పది రోజులకు కుదించి ఇస్తున్నాను.

"ఉన్నాయి మేడమ్. అన్నీ ఉన్నాయి" అన్నాను.

"మరి మా గల్లీల ఆడోళ్ళు లేవంటున్నరు?"

"వాళ్ళు టైముకి రారు మేడమ్. మేం మూసేశాక వచ్చి లేవంటారు."

నా తప్పు కాని దాన్ని తీసుకెళ్ళి, పొద్దున్నే వచ్చి చెప్పులు వరుసలో పెట్టి కాచుకునే ఆడవాళ్ళ మీద వేశాను. ఆమె నా ముఖంలోకి ఒక్క క్షణం చూసి, తల ఊపి వెళ్ళిపోయింది.

ఎందుకలా చెప్పానో చెప్పాలి. ఇంతకుముందు నేను వేరే కేంద్రంలో పనిచేసేదాన్ని. అక్కడికి ఒక నాయకుడు వచ్చి, ఎంతో ఆప్యాయంగా "ఏం తక్లీఫ్ ఉన్నా చెప్పమ్మా" అన్నాడు. దూది కూడా సరిగ్గా రావడం లేదని చెప్పాను. ఆ మాట నా ముఖంతో సహా టీవీలో వచ్చింది. వారం తిరక్కుండా నాకు బదిలీ కాగితం చేతికిచ్చారు. ఆయనకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. అప్పట్నుంచి నాయకులెవరైనా మెత్తగా మాట్లాడితే నాకు గుండె దడ.

ఈమె విషయంలో అంతకంటే పెద్ద అనుమానం ఇంకోటుంది. మా గేటుకెదురుగా ఉన్న మందుల షాపు ఆమె ఆడపడుచు వాళ్ళది. మా దగ్గర లేని ప్రతి మాత్రా రోడ్డు దాటితే అక్కడ దొరుకుతుంది. అలాంటప్పుడు మా దగ్గర ఏం లేవో ఈమెకెందుకు? షాపులో ఏం తెప్పించుకోవాలో తెలుసుకోవడానికి కాదు కదా?

ఆ వారంలోనే మా గేటు ముందు ఏడాదిగా పొంగుతున్న మ్యాన్‌హోల్‌ను మనుషులొచ్చి బాగుచేశారు. రోగులు ఇటుకల మీద కాళ్ళు వేసుకుంటూ వచ్చే బాధ తప్పింది. మా డాక్టరమ్మ కిటికీలోంచి చూసి నవ్వింది.

"ఏడాది నుంచి లేని ప్రేమ కార్పొరేటరమ్మకు ఇప్పుడెందుకొచ్చిందంటారు? ఎలక్షన్లు వస్తున్నాయిగా."

నేనూ నవ్వాను. మరో పది రోజులకు పై ఆఫీసు నుంచి ఫోన్ వచ్చింది, మందుల కొరత ఏమైనా ఉందా అని. డాక్టరమ్మ ఫోన్ నా చేతికిచ్చింది. ఒకసారి ఉన్నాయన్నాక మళ్ళీ లేవని ఎలా అంటాను? ఉన్నాయనే చెప్పాను.

ఆమె రెండోసారి వచ్చినప్పుడు మధ్యాహ్నమైంది, లైన్ ఖాళీ అయింది. ఈసారి లోపలికే వచ్చింది. చేతిలో కూరగాయల సంచి. దాన్ని నా బల్ల మీద బోర్లించింది. అన్నీ ఖాళీ అయిన మాత్రల షీట్లు, వాటితోపాటు నలిగిన కాగితం కవర్లు. కవర్ల మీద ఎదురు షాపు పేరు.

"మా గల్లీల ఆడోళ్ళ దగ్గర ఏరుకొచ్చిన అక్కా. మీ కాడ దొరకనివి గీ షాపుల కొనుక్కుంటున్నరు. నిన్న కార్పొరేషన్ మీటింగ్ల లేచి అడిగిన. 'మీ సెంటర్ల అన్నీ ఉన్నయని మీ ఫార్మసిస్టే చెప్పింది గద మేడమ్' అన్నరు ఆఫీసర్లు. అందరు నవ్విన్రు. గెలిచినంక నేను నోరు తెరిచింది గదే మొదటిసారి."

ఆమె గొంతులో కోపం లేదు. అందుకే నాకింకా భయమేసింది.

"ఆ షాపు మీవాళ్ళదే కదా మేడమ్" అన్నాను. ఎలా అన్నానో నాకే తెలియదు.

"అవ్. గందుకే ఆయనకు చెప్పకుండ వచ్చిన." ఖాళీ షీట్లు నా వైపు జరిపింది. "ఏమేం లేవో, ఎప్పట్నుంచి లేవో జెర రాసియ్యి."

"రాసిస్తాను. కానీ నా పేరు ఎక్కడా రాకూడదు."

"పేరు లేకుంటె గది కాయితం కాదక్కా. గల్లీ ముచ్చటైతది. మళ్ల నవ్వుతరు."

ఆలోచించి చెప్తానన్నాను. షీట్లన్నీ తిరిగి సంచిలో వేసుకుని ఆమె వెళ్ళిపోయింది. బేగంపేటలో ఆఫీసుకెళ్ళే మా ఆయనకు ఆ సాయంత్రం చెప్తే, "సంతకం పెడితే నువ్వు పోతావు, ఆమె పోదు" అన్నాడు. నిజమే అనిపించింది. ఆదివారం చర్చిలో ఆరాధనకు కూర్చున్నా ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

సోమవారం ఆకుకూరలమ్మే ముసలామె వచ్చింది. నాలుగేళ్ళుగా బీపీకి మా దగ్గరే మందులు తీసుకుంటుంది. మందులింకా రాలేదని చెప్పాను. కొంగుముడి విప్పి చూపించింది. సగానికి కోసిన మాత్రలు, పిండిపిండిగా.

"బ్లేడుతోని కోసుకుంటున్న బిడ్డా. నెలెల్లాలె గద. గిట్ల సగం ఏసుకున్నా పనిచేస్తదా?"

చేయదని నాకు తెలుసు. వారం కింద నల్లా దగ్గర కళ్ళు తిరిగి పడ్డానని తనే చెప్పింది. మోచేతికి కట్టు ఉంది.

ఆ మధ్యాహ్నం స్టాకు పుస్తకం ముందు పెట్టుకుని ఏవేవి ఎప్పుడు అయిపోయాయో రాశాను. కింద నా పేరు, సంతకం. డాక్టరమ్మకు చూపిస్తే పూర్తిగా చదివి తిరిగి ఇచ్చేసింది.

"నాకు చూపించలేదనుకోండి" అంది.

కార్పొరేటరమ్మకు ఆ కాగితం ఇచ్చిన మూడు వారాలకు బీపీ మాత్రలు పెట్టెలు పెట్టెలుగా వచ్చాయి. షుగర్‌వి ఇంకొంచెం ఆలస్యంగా వచ్చాయి. ముసలామెకు నెలకు సరిపడా లెక్కబెట్టి ఇచ్చి, ఇక కోయొద్దని చెప్పాను. ఆ మర్నాడే మా గేటు మీద పెద్ద ఫ్లెక్సీ వెలిసింది. పేదలకు మందులు తెప్పించిన అన్నకు ధన్యవాదాలట. రెండు చేతులూ జోడించి నవ్వుతున్న కార్పొరేటరమ్మ భర్త, కింద మూలన పాస్‌పోర్టు ఫొటో అంత ఆమె. ఇదంతా ఇద్దరూ కలిసి ఆడిన నాటకమా అని మళ్ళీ నాలో పురుగు దొలిచింది. ఆమె వచ్చినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను.

"ఏందక్కా, ఫ్లెక్సీ చూసి పరేషాన్ అయితున్నవా? ఆయనకు పేరొస్తేనే ఇంట్ల నాకు నిమ్మలం. ఆడపడుచు సుత మాట్లాడుతలేదు ఇప్పుడు. గోలీలొచ్చినయా లేదా, గది చెప్పు."

వచ్చాయన్నాను. ఈసారి అది నిజం.

తర్వాత నాకు మెమో వచ్చింది. ఫోన్‌లో ఉన్నాయని చెప్పి, రాతలో లేవని ఎందుకు రాశారో వివరణ ఇవ్వమని. భయపడి అబద్ధం చెప్పానని ఉన్నదున్నట్టు రాసి పంపాను. హెచ్చరికతో వదిలేశారు. నా కాగితం సభకు వెళ్తుందని తెలుసు; దాన్ని ఆ ఫోన్ మాటతో కలిపి నా మీదికి తెచ్చిందెవరో మాత్రం నాకు తెలియదు. తప్పు నాదేనని సభలో కార్పొరేటరమ్మే అందా, డాక్టరమ్మ చెప్పిందా? ఇద్దరినీ అడగలేదు. అడిగినా నిజం చెప్తారని నమ్మకం లేదు.

వచ్చేసారి కార్పొరేటర్ టికెట్ ఆమెకు రాదని, ఆడపడుచు వైపు వాళ్ళకే ఇస్తారని బస్తీలో అనుకుంటున్నారు. పోయిన నెల వచ్చినప్పుడు పిల్లల టీకాలు పెట్టే ఫ్రిజ్ సరిగ్గా పనిచేస్తోందా అని అడిగింది. లేదు, రెండు రోజులకోసారి ఆగిపోతోందని చెప్పాను. అడక్కుండానే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. ఇచ్చే ముందే నకలు ఒకటి తీసి, తేదీ వేసి, నా బ్యాగులో పెట్టుకున్నాను.