సలోమమ్మ బడి గోడ మీద పేర్లు

పన్నెండేళ్లుగా నా మీద ఒక నింద ఉంది. కంకిపాడు అవతల ఒక ఊళ్లో ఆడవాళ్లకు చదువు చెప్పే బడి కట్టినప్పుడు శిలాఫలకం చెక్కింది నేను. బడికి తన ఇంటి స్థలం రాసిచ్చి, అక్కడే పాఠం చెబుతున్న సలోమమ్మ గారి పేరు ఆ రాతి మీద లేదు. ‘కీ.శే. యోహాను గారి భార్య’ అని మాత్రం ఉంది. పేరేదని ఎవరో అడిగితే, “మేస్త్రి మింగేశాడు” అన్నాడట అప్పటి పంచాయతీ ప్రెసిడెంటు. మైలవరం చుట్టుపక్కల నా ఉలి తగలని గుడి లేదు, చర్చి లేదు. పొల్లు కూడా పోనివ్వను. అయితే అప్పట్లో నాకు అక్షరం ముక్క రాదు. కాగితం మీద గీత ఎలా ఉంటే రాతి మీద అలా దింపేవాణ్ణి. పోయినేడు మనవరాలి పలక మీద నాలుగు అక్షరాలు దిద్దుకుని, ఆనాడు పంచాయతీవాళ్లు రాసిస్తే పనిముట్ల సంచిలో దాచిన కాగితం తీసి కూడబలుక్కున్నాను. పేరు కాగితంలోనే లేదు! అది ఆమెకు చూపించాలని బయలుదేరాను.

ఎమర్జెన్సీ పోయిన ఈ ఏడు వానలు బాగా పడ్డాయి. పోయిన మంగళవారం పదకొండింటికి మైలవరంలో బస్సెక్కితే ఒంటిగంటకు బెజవాడలో దిగాను. టిక్కెట్టు రూపాయిన్నర. బస్టాండు దగ్గర భోజనం చేసి, బందరు వెళ్లే బస్సులో డెబ్బై పైసలిచ్చి మూడు కొట్టేసరికి కంకిపాడు చేరాను. అక్కణ్ణుంచి కాలవ గట్టు మీద మూడు మైళ్లు. రిక్షా అతను రెండు రూపాయలు అడిగి, రూపాయిన్నరకు ఒప్పుకున్నాడు.

“సలోమమ్మ గారి బడికా అండీ? మా ఆవిడ అక్కడే చదివింది. నా కొంప ముంచింది.”

“ఏం ముంచింది?”

“ఇదివరకు మా బావమరిది ఉత్తరం రాస్తే నేనే చదివి, నాకు పనికొచ్చినంత వరకే చెప్పేవాణ్ణి. ఇప్పుడు పోస్టుమాన్ చేతిలోంచే లాక్కుంటోందండీ!” అని పకపకా నవ్వాడు. ఆ నవ్వులో గర్వం కూడా ఉంది.

నాలుగింటికి నాట్లు వేసిన ఆడవాళ్లు మోకాళ్ల దాకా బురదతో నేరుగా బడికి వచ్చారు. సలోమమ్మ గారు గడప దగ్గర నిలబడి ఉన్నారు. డెబ్బై దాటి ఉంటాయి. మనిషి సన్నం, గొంతు మాత్రం కంచు. ఆ రోజు కొత్తగా ఒక ముసలమ్మ చేరింది.

“నీ పేరేంటమ్మా?”

“వెంకడి తల్లినండీ.”

“వెంకడు కాదు, నువ్వు. నీ పేరు?”

ముసలమ్మ తెల్లబోయింది. పక్కనున్నవాళ్లు కిసుక్కున నవ్వారు. “పుట్టింట్లో ఏమని పిలిచేవాళ్లు?” అని సలోమమ్మ గారు మెల్లగా అడిగారు. “మాణిక్యం” అంది ముసలమ్మ. యాభై ఏళ్లుగా ఎవరూ అలా పిలవలేదట. ఆ పేరు పలికి ఆమె చెంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ బడి పద్ధతి అది. ఫలానావాడి పెళ్లాం, ఫలానావాడి తల్లి అంటే చేర్చుకోరు. సొంత పేరు చెప్పాలి. అది రాయడం వచ్చిన రోజున లోపలి గోడ మీద తన చేత్తో రాయాలి.

ఆ గోడ చూశాను. నేల నుంచి దూలం దాకా పేర్లే. వంకర పేర్లు, జారిన పేర్లు, ఒత్తు మరిచి తరవాత ఇరికించిన పేర్లు. నలభై ఏళ్లు రాళ్లు చెక్కిన నాకు అంత గొప్ప రాత ఎక్కడా కనబడలేదు. తువ్వాలు తలమీంచి తీసేశాను.

శిలాఫలకం చెక్కింది నేనేనని చెప్పి కాగితం ఇచ్చాను. ఆమె చూడనైనా చూడకుండా, “నాకు తెలుసు మేస్త్రిగారూ, పంచాయతీ రాతి మీద ఆడదాని పేరేమిటన్నారు. ఆ రోజు పేరు కోసం కొట్లాడితే బడి ఆపేసేవాళ్లు. బడి ఉంచుకున్నాను. మిమ్మల్ని నేనెప్పుడూ అనలేదు” అన్నారు.

“గోడ మీదన్నా మీ పేరు లేదేంటమ్మా?”

“నాకు ముందే రాయడం వచ్చుగా!”

శిలాఫలకం మీద ఆమె పేరు చెక్కుదామని సంచిలోంచి ఉలి తీశాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టారు. “దొంగచాటుగా వద్దు. పంచాయతీ ఒప్పుకుని చెక్కమంటేనే చెక్కండి.” ఆడవాళ్లందరూ నావెంట పంచాయతీ ఆఫీసుకు నడిచారు. అందరికంటే ముందు మాణిక్యం. ఇప్పటి ప్రెసిడెంటు ఆనాటాయన కొడుకే. “చూద్దాం పెద్దాయనా, తొందరేముంది?” అన్నాడు.

తిరుగు బస్సులో ఒకటే ఆలోచన. ఊళ్లో అందరి పేర్లూ వెనక్కి తెచ్చిన మనిషి తన పేరును పన్నెండేళ్లు పక్కన పెట్టింది. నేను మాత్రం నా పేరు చెడిందని పన్నెండేళ్లు కుమిలాను. సిగ్గేసింది. ఆ బడి చూడ్డానికి వెళ్లేవాళ్లకు ఒక్క మాట. అయిదు దాటితే ఆ గట్టు మీద రిక్షాలు దొరకవు, తీసుకెళ్లినవాణ్ణే తిరుగు ప్రయాణానికీ ఉండమనండి.

ప్రెసిడెంటు గారూ, తొందర నాకుంది, ఆమెకు డెబ్బై దాటాయి. శ్రావణ మాసం ఆఖరి శుక్రవారం నాలుగింటికి ఉలీ సుత్తీ పట్టుకుని మీ ఆఫీసు మెట్ల మీద ఉంటాను. చెక్కమంటారా, వద్దంటారా? ఏదైనా కాగితం మీద రాసివ్వండి. ఇప్పుడు నాకు చదవడం వచ్చు.