లాంతరులో లేని తాళంచెవి

నాలుగేళ్లుగా ఒక్క అబద్ధాన్ని మోస్తున్నాను. ఇంట్లో అందరికీ నా జ్ఞాపకం మీద గొప్ప నమ్మకం. ఎవరి పెళ్లిలో ఏ కూర వండారో, ఎవరి బాప్తిస్మానికి ఎవరు అలిగి రాలేదో నన్నే అడుగుతారు. ఆ నమ్మకాన్నే నేను వాడుకున్నాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని. తప్పులుంటే సర్దుకుని చదవండి.

మారేడ్‌పల్లిలో మా అన్న దగ్గరే ఉంటాను. వదిన టీచరు కావడంతో వాళ్లమ్మాయి జెస్సీని ఎత్తుకుని పెంచింది నేనే. డిగ్రీ అయ్యాక దానికి వీఆర్ ఆటల పిచ్చి పట్టింది. కళ్లకు ఒక డబ్బా తగిలించుకుంటే చాలు, మన హాలు మాయమై ఇంకో లోకం వచ్చేస్తుంది. చేతుల్లోని పిడులు తుపాకులైపోతాయి. జాంబీలట, లేచి నడిచే శవాలు, అవి మీదికొస్తుంటే కాల్చాలి. ఆ ఆట మీద ప్రేమ ఉన్నవాళ్లు అందులో సొంతంగా లెవెళ్లు కట్టుకోవచ్చట. మా జెస్సీ ఏం కట్టిందో తెలుసా? అన్నా నేనూ పుట్టి పెరిగిన రైల్వే క్వార్టర్! ఎప్పుడో కూల్చేసిన ఇల్లు. జెస్సీ దాన్ని కంటితో చూసింది లేదు. నేను చెబుతూ పోయాను, అది కడుతూ పోయింది.

మొదట నాకే తొడిగింది. అబ్బ, ఏం చెప్పమంటారు! తల తిప్పితే మా ఎర్రగచ్చు అరుగు. అటు నీళ్ల తొట్టి. గుమ్మం పక్కన మేకుకు నాన్న చేతిలాంతరు, ఆయన రైలు గార్డు. నా కళ్లలో నీళ్లు తిరుగుతుండగానే పంపు చాటు నుంచి ఒక జాంబీ లేచింది. "యేసయ్యా!" అని కేక పెట్టి కాల్చాను. పడిపోయింది! ఇంకోటి. వంగాను, పక్కకు దూకాను, సోఫాకు మోకాలు కొట్టుకుంది, పొయ్యి మీద పప్పు మాడింది, ఆగలేదు. ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నం అదే పని. "అత్తా, నువ్వు మస్తు డేంజర్" అని జెస్సీ పడిపడి నవ్వేది. యాభై దాటిన నాకు ఒళ్లంతా ఉప్పొంగేది.

గెలవాలంటే తాళంచెవి వెతికి ఇంటి తలుపు తీయాలి. దాన్ని ఎక్కడ దాచాలన్నదే మిగిలింది. ఇక్కడే అసలు సంగతి. జెస్సీకి పుణెలో ఆటలు తయారుచేయడం నేర్పే కోర్సులో సీటు వచ్చింది. అన్నకు అది ఇష్టం లేదు, బ్యాంకు కోచింగ్‌లో చేరమంటాడు. చివరికి తండ్రీకూతుళ్లు ఒక మాట మీదికొచ్చారు. ఆదివారం చర్చి నుంచి వచ్చాక అన్న ఆ లెవెల్ ఆడతాడు. నచ్చితే పుణె, లేకపోతే బ్యాంకు.

"అత్తా, మీ ఇంట్ల చాబీ నిజంగ ఏడ పెట్టేటోళ్లు? డాడీ సీదా పోయి తీస్కోవాలె. బయటోళ్లకు దొరకొద్దు" అంది జెస్సీ.

లాంతరులో. ఇల్లు తాళం వేసి వెళ్తే, లాంతరు అద్దం తలుపు తీసి వత్తి పక్కన పెట్టేవాళ్లం. అన్నకూ నాకూ తప్ప ఆ సంగతి తెలిసినవాళ్లెవరూ ఇప్పుడు లేరు.

"తొట్టి ఎనక బిడ్డా" అన్నాను.

ఎందుకన్నాను? జెస్సీ వెళ్లిపోతే ఇల్లు బోసిపోతుందనా? అదీ ఉంది. దానితోపాటు ఆ డబ్బా కూడా పోతుంది, నా మధ్యాహ్నాలు పోతాయి అనా? చెప్పడానికి సిగ్గుగా ఉంది, అదీ ఉంది. ఇంకా లోపలికి చూసుకుంటే, నా మాటల్లోంచి లేచిన ఇంట్లోకి అన్న వచ్చి ఒక్క నిమిషంలో గెలిచేయడం నాకు గిట్టలేదేమో. అబద్ధం నోటివెంట ఎంత తేలిగ్గా వచ్చిందో! దిద్దుకోవడానికి ఐదు రోజులున్నాయి. దిద్దుకోలేదు.

ఆదివారం అన్న చర్చి చొక్కాతోనే డబ్బా తొడుక్కున్నాడు. ఆయనకు కనిపించేదంతా మాకు టీవీలో కనిపిస్తోంది. "అరె... మన అరుగు!" అన్నాడు. ఆయన అలా నవ్వి ఎన్నేళ్లయిందో. జెస్సీ నా చెయ్యి పట్టుకుని పిసికేస్తోంది. నా గుండె కూడా ఎగిరెగిరి పడింది. నమ్మండి, ఆ క్షణాన ఆయన గెలవాలనే కోరుకున్నాను. అన్న జాంబీల వైపు చూడనే లేదు. నేరుగా లాంతరు దగ్గరికి నడిచి, గాల్లో చెయ్యి చాపి, దాని తలుపు తీయబోయాడు. అది తెరుచుకునేది కాదు, ఉత్త బొమ్మ. వెనక నుంచి అన్నీ వచ్చి మీద పడ్డాయి. మూడుసార్లు ఆడాడు. మూడుసార్లూ లాంతరు ముందే చచ్చాడు.

డబ్బా తీసి నా వైపు తిరిగాడు.

"చాబీ లాంతర్లనే కదనే పెడుతుంటిమి?"

జెస్సీ కూడా నన్నే చూస్తోంది. అప్పుడైనా చెప్పాల్సింది.

"లాంతర్ల ఏందన్నా? తొట్టి ఎనక. గప్పుడే ముసలోనివైనవా ఏంది?" అన్నాను. పైగా నవ్వాను.

"గట్లనా... నీకే మంచిగ యాదుంటది. నేనే ఏదో అనుకున్న" అన్నాడు. తుండుతో మొహం తుడుచుకున్నాడు. "మా ఇల్లే నాకు సమజ్ కాకపాయె. ఇదేం ఆట బిడ్డా? రేపటికెల్లి కోచింగ్‌కు పో."

జెస్సీ కాదనలేదు. మాట ఇచ్చింది కదా.

ఇప్పుడు అది బేగంపేటలో బ్యాంకు ఉద్యోగం చేస్తోంది. తన లెవెల్ ఎక్కడెక్కడి వాళ్లో ఇంకా ఆడుతున్నారట, తొట్టి వెనక వెతుక్కుని గెలుస్తున్నారట. కొత్తది మాత్రం మళ్లీ కట్టలేదు. అన్న సంగతి ఇంకా ఘోరం. చిన్నప్పటి మాట ఏది చెప్పబోయినా మధ్యలో ఆగి, "గంతే కదనే?" అని నా మొహం చూస్తాడు.

దేవుడి ముందు మోకరించి చెప్పుకున్నాను. ఆయనకు ముందే తెలుసు, కాబట్టి చెప్పినట్టే అనిపించలేదు. ఆ ఇద్దరికీ చెప్పే ధైర్యం ఎప్పుడొస్తుందో, అసలు వస్తుందో రాదో తెలియదు. నన్ను క్షమించమని మిమ్మల్ని అడగను, క్షమించాల్సింది మీరు కాదు. అన్నకు గుర్తున్నదే నిజం. నాకూ అదే గుర్తుంది. తెలిసే అబద్ధమాడాను. ఈ మూడు ముక్కలు రాయడానికి నాలుగేళ్లు పట్టింది. ఇప్పుడు ఊపిరి హాయిగా ఆడుతోంది.