గెడ్డ అవతలి నీళ్లు

2022 వేసవిలో నేను పాడేరులో ఉంటూ ఒక పరిశోధన సంస్థకు ఫీల్డ్ సూపర్‌వైజర్‌గా పనిచేసేదాన్ని. కొండ ఊళ్లలో గెడ్డ, అంటే కొండవాగు నీటిని సోలార్ పంపుతో పొలాలకు ఎక్కిస్తే, ఎండాకాలం పనుల కోసం దూరం పోయే మగవాళ్లు ఇంటి దగ్గరే ఉంటారా అన్నది మా ప్రశ్న. పంపులు అన్ని ఊళ్లకూ సరిపడా లేవు. అందుకని ఊరి పెద్దలందరి ముందూ చీటీలు తీశారు. పేరు వచ్చిన ఊళ్లు ట్రీట్‌మెంట్, అంటే పంపు బిగించేవి. రానివి కంట్రోల్. అక్కడ మేం చేసేదేమీ ఉండదు. పోల్చి చూడటానికి ఆ కుటుంబాలను కూడా అవే ప్రశ్నలు అడుగుతాం.

నేను సర్వేకి వెళ్లే ఇళ్లలో సుకిరి అనే ఆమె ఇల్లొకటి. ఆమె ఊరు కంట్రోల్‌లో పడింది. గెడ్డకు అవతల, ఎదురు కొండ మీదున్న ఆమె మేనమామ ఊరికి పంపు వచ్చింది.

సుకిరికి పాతికేళ్లు దాటి ఉండవు. చోళ్లు, అంటే రాగులు కోసేయగానే ఆమె భర్త బుద్రు చెన్నైకి భవనాల పనికి వెళ్లి, మళ్లీ తొలకరికే వచ్చేవాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఒక్క వేసవి కూడా వాళ్లు కలిసి లేరు. మాటలు వచ్చీరాని కూతురుంది. "మీ ఆయన ఇప్పుడు ఇంట్లో ఉంటున్నాడా?" అన్నది నా ట్యాబ్‌లో ఉన్న మామూలు ప్రశ్న. ఆమె అవుననీ కాదనీ అనలేదు.

"అన్నం ఇప్పటికీ ముగ్గురికి ఒండేత్తన్నాను మేడమ్. సెయ్యి అలాగే పడతంది."

వెళ్లినప్పుడల్లా పని అయ్యాక నన్ను ఇంటి వెనక గట్టు మీద కూర్చోబెట్టేది. అక్కణ్ణుంచి చూస్తే ఎదురు కొండ వాలంతా చిక్కుడు, టమాటా మళ్లతో పచ్చగా కనిపించేది. అక్కడ పైపులు జరుపుతున్న మగవాళ్లను పేరుపేరునా చూపించేది.

"ఆడు మా మాఁవ కొడుకు. పోయినేడు ఆడూ మా ఆయనా ఒక్క బస్సే ఎక్కారు."

మా ఊరికి పంపు ఎప్పుడొస్తాదని ఆమె అడిగితే, రెండో విడతలో రావచ్చు, ఇంకా తేలలేదు అనేదాన్ని. నాకు తెలిసిందీ అంతే.

మరుసటి ఏడు చలికాలంలో ఆమె కొత్త మాట ఎత్తింది.

"మా మాఁవ కొంత బూమి పంటలో పాలుకిత్తానన్నాడు మేడమ్. నేనటెల్లి సాగు సేత్తే మీ లెక్క సెడిపోద్దా?"

నిజానికి చెడుతుంది. కంట్రోల్ ఊరి మనిషి పంపు నీళ్లు వాడుకుంటే మా పనిలో దాన్ని స్పిల్‌ఓవర్ అంటారు. ఒక ఊరికి ఇచ్చింది పక్క ఊరికీ పొంగడం అన్నమాట. అలాంటివి ఎక్కువైతే పంపు వల్ల ఏం మారిందో తేల్చడం కష్టమవుతుంది. ఆమెను ఆపే హక్కు నాకు లేదు. కానీ ఈ వేసవి అయ్యేదాకా ఆగు అని నేనంటే ఆగిపోయేది. ఆ సంగతి నాకు తెలుసు.

"మా లెక్క తిప్పలు మేం పడతాం. నీకేది మంచిదనిపిస్తే అది చెయ్యి సుకిరీ," అన్నాను.

విశాఖలో ఉండే మా ఆర్థికవేత్తకు ఫోన్ చేసి చెప్పాను. ఆయన, "జరిగింది జరిగినట్టు రాసుకోండి. గెడ్డ ఎందుకు దాటారో కూడా అడగండి," అన్నారు.

తర్వాతిసారి వెళ్లేసరికి ఆమె ఎదురు కొండ మీద చిక్కుడు మళ్లకు నీళ్లు కడుతోంది. చంకలో కూతురు. చేతిలో ఫోన్, స్పీకర్‌లో భర్త.

"కొండ మీద ఈ కాలంలో నీల్లేటి?" అంటున్నాడతను.

సుకిరి వాదించలేదు. వంగి, ఫోన్‌ని పైపు మూతి దగ్గర పెట్టింది.

"ఇనబడతందా?"

నీళ్లు పారుతూనే ఉన్నాయి.

"మేస్త్రీకి సెప్పి వత్తాను," అన్నాడు చివరికి.

శివరాత్రికల్లా వచ్చేశాడు. కూతురు మొదట్లో అతన్ని చూస్తే తల్లి చీర వెనక దాక్కునేదట. ఎండ్‌లైన్, అంటే ఆఖరి సర్వే, మే నెలలో చేశాం. నేను గెడ్డ దాటి వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఆ పిల్ల తండ్రి భుజాల మీద కూర్చుని అతని జుట్టు పట్టుకుని ఉంది. భర్త ఇంట్లో ఉన్నాడా అన్న ప్రశ్నకు ఆ వేసవిలో అవునని నొక్కాను.

నేను సంతోషపడ్డాను. సుకిరి కూడా నవ్వింది. కానీ మాట్లాడుతున్నంతసేపూ ఆమె చూపు గెడ్డ ఇవతల తమ ఊరి కొండ మీదే ఉంది. అక్కడ వాళ్ల సొంత నేల చెక్క ఎండిపోయి బీటలు వారి ఉంది.

"ఇక్కడ బాగానే ఉంది మేడమ్. కానీ మాది అదే. అందులోకి నీల్లు ఎక్కితే ఓసారి సూడాలనుంది."

నేను ఆ ఉద్యోగం వదిలే నాటికి రెండో విడత తేలలేదు. రిపోర్టులో వాళ్ల కుటుంబం ఒక చిన్న పేరా అయింది. నీళ్లుంటే మనుషులు ఆగుతారని పట్టికలు కూడా చెప్పాయి. అయితే నీళ్ల కోసం మనుషులు సొంత నేలను వదులుకుంటారన్నది నాకు ఆమె వల్లే తెలిసింది.

ఇప్పుడు వేరే చోట అలాంటి పనే చేస్తున్నాను. చీటీలు తీశాక, పేరు రాని ఊళ్లకే ముందు వెళతాను. మీ వంతు ఎప్పుడో మాకు తెలియదు, ఈలోగా వేరే దారి దొరికితే మా కోసం ఆగొద్దు అని చెబుతాను. వినేవాళ్లలో ఎవరో ఒక ఆడమనిషి తల ఊపుతుంది. తర్వాత లేచి, చీటీలో పేరు వచ్చిన పక్క ఊరి వైపు చూస్తూ నిలబడుతుంది.