ఆగితే తెగిపోయే ఫోను

మొన్న గ్యాస్ సిలిండర్ కోసం ఫోన్ చేస్తే అవతల ఒక ఆడగొంతు ఎంతో మర్యాదగా తెలుగు కావాలంటే ఒకటి నొక్కమంది, నేను ఆమె మాట పూర్తికాకముందే ఒకటి నొక్కి, ఆ వెంటనే ఎవరూ అడగని రెండు నొక్కి, ఆపైన హాష్ బటన్ కూడా నొక్కేశాను. ఆమె తికమకపడి మొదటి నుంచి మళ్ళీ మొదలుపెట్టింది. ఒక్క సిలిండర్‌కి ఇంతసేపా అని వంటింట్లోంచి మా ఆవిడ విసుక్కుంది. ఆమెకేం చెప్పను? నా బొటనవేలు ఆ క్షణాన కామారెడ్డిలో లేదు. ఎన్నో ఏళ్ళ వెనక, ఖతర్‌లో, అల్ ఘర్రాఫా దాటాక రోడ్డు పక్క ఇసుకలో నిలబెట్టిన మా సైట్ ఆఫీసులో, బూడిదరంగు బల్లఫోను మీద ఉంది. నాలాగే గల్ఫ్‌లో ఒళ్ళు అరగదీసుకుని వచ్చి, ఇప్పుడు సాయంత్రాలు మోకాళ్ళకు నూనె రాసుకుంటూ కూర్చునేవాళ్ళకు ఈ సంగతి కొత్తగా ఉండకపోవచ్చు, అయినా చెబుతాను.

ప్రపంచకప్పు ఫుట్‌బాల్ ఆ దేశానికి వస్తుందని ఖాయమయ్యాక దోహా చుట్టూ ఎక్కడ చూసినా తవ్వకాలే. ఆట ఇంకా ఏళ్ళ దూరంలో ఉండగానే, తెల్లారితే ఆట అన్నట్టుగా మమ్మల్ని తరిమేవారు. మా కంపెనీ కట్టింది స్టేడియం కాదు, దానికి పోయే రోడ్డు మీద ఒక వంతెన. నేను అక్కడ టైమ్‌కీపర్‌ని, అంటే ఎవరు ఎన్ని గంటలు పనిచేశారో లెక్క కట్టేవాణ్ణి. బడి ఏడో తరగతితో ఆగిపోయింది. మా ఊరి దగ్గర నూనె మిల్లులో బస్తాలు మోస్తూ, తూకం వేసే ముసలాయన పక్కన నిలబడి ఆయన పెదవుల కదలిక చూసి కూడికలు నేర్చుకున్నవాణ్ణి. అంకెలంటే భయం లేదు గనక సైట్ ఆఫీసులో ఫోను పని కూడా మెల్లగా నా మీదికే వచ్చింది.

ఆ రోజుల్లో సైట్లోకి మొబైల్ తేనిచ్చేవారు కాదు, గేటు దగ్గర పెట్టెలో పెట్టి లోపలికి రావలసిందే. ఛుట్టీ, అంటే సెలవు, కావాలంటే అల్ మన్సూరాలోని హెడ్డాఫీసుకు చెప్పుకోవాలి. రాయలేనివాళ్ళు ఎక్కువ గనక ఛుట్టీల సెక్షన్‌కి ఒక వాయిస్ మెయిల్ పెట్టారు. ఫోను చేస్తే మనిషి ఎత్తడు. ఇంగ్లీషులో ఒక ఆవిడ ఏదేదో చెబుతుంది, రెండు నొక్కితే కూత పెట్టినట్టు ఒక శబ్దం వస్తుంది, ఆ తర్వాత ఎవరి భాషలో వాళ్ళు తమ ఐడీ నంబరు, కారణం, ఎప్పటి నుంచి కావాలో చెప్పాలి. వచ్చిన వరసలోనే ఛుట్టీలు ఇస్తారు. ఆ ఇంగ్లీషావిడను మావాళ్ళు మేడం అనేవారు. జగిత్యాల నుంచి వచ్చిన ఒక కార్పెంటరు, "మన ఫోర్‌మన్ కన్న మేడమే నయ్యం, ఎన్నిసార్లు తప్పు నొక్కినా తిట్టది" అనేవాడు.

ఏ బటన్ ఎందుకో నాకు ఎవరూ నేర్పలేదు. మధ్యాహ్నం ఎండకు పని ఆపే వేళల్లో ఒక్కొక్కటీ నొక్కి చూసి, ఆవిడ ఏమందో దాన్నిబట్టి తెలుసుకున్నాను. ఎవరైనా వస్తే నేనే నంబరు కలిపి, రెండు నొక్కి, రిసీవరు వాళ్ళ చేతికిచ్చి బయటికి నడిచేవాణ్ణి. అది మా దగ్గరి పద్ధతి. ఛుట్టీ అడిగేవాడు ఇంటి గుట్టు చెప్పుకుంటాడు గదా, రోగమో రొష్టో, పక్కనుండి వినడం మర్యాద కాదు.

మా మేనత్త కొడుకు, నాకు బావ, అదే సైట్లో క్రేనుకు దారి చెప్పే పని చేసేవాడు. ఆ వేసవిలో వాళ్ళావిడకు నెలలు నిండుతున్నాయి. వరసకు నాకు చెల్లెలు. అంతకు కొన్నేళ్ళ ముందు వాళ్ళకు ఒక పాప పుట్టి, రెండు రోజులు కూడా బతకలేదు. అప్పుడు బావ ఖతర్‌లోనే ఉన్నాడు, కడసారి చూపు కూడా దక్కలేదు. గల్ఫ్ అంతా దుబాయే అనుకునే ఊళ్ళో వాళ్ళు దుబాయ్ మొగుడు ఉంటే ఎంత లేకుంటే ఎంత అన్నారట. బావ ఒకసారి పని అయ్యాక బస్సులో మేముండే క్యాంపుకు పోతుంటే, "బామ్మర్దీ, ఈపాలి మాత్రం నేను దవాఖాన బయట నిలబడాలె. ఏం జరిగినా సరే, గా బయటనే నిలబడాలె" అన్నాడు.

అందుకని ప్రతి వారం వచ్చి ఫోన్ చేయించుకునేవాడు. హెల్మెట్ తీసి చంకలో పెట్టుకుని, కుర్చీ ఉన్నా కూర్చోకుండా, అవతలి సాబ్ ఎదురుగా ఉన్నట్టు నిలబడి రిసీవరు అందుకునేవాడు. నేను బయటికి వెళ్ళేవాణ్ణి. కాసేపటికి బయటికొచ్చి, "అయ్యింది బామ్మర్దీ" అని హెల్మెట్ పెట్టుకుని పోయేవాడు. వారాలు గడిచాయి, ఛుట్టీ కాగితం మాత్రం రాలేదు. హెడ్డాఫీసు పనులు అట్లాగే ఉంటాయి అనుకున్నాను.

గంటల లెక్కల కాగితాలు ఇవ్వడానికి నేను వారానికొకసారి హెడ్డాఫీసుకు పోయేవాణ్ణి. ఛుట్టీల సెక్షన్‌లో కూర్చునే సాబ్ మన హైదరాబాదువాడే, ఉర్దూ ఎంత తీయగా మాట్లాడతాడో తెలుగూ అంత తీయగా మాట్లాడతాడు. చాయ్ తాగుతూ ఆయన నన్ను పిలిచి, "అరె భాయ్, మీ సైట్‌ల ఒక అజీబ్ మనిషున్నడు. ప్రతి వారం మెసేజ్ పెడతడు. సలామలేకుం సాబ్, మంచిగున్నరా, పిల్లలు మంచిగున్నరా అని అడుగుతడు. ఇగ గంతే. ఛుట్టీ అడగడు, పైసలు అడగడు. ఈ ఖతర్ మొత్తంల నా పిల్లల్ని అడిగెటోడు ఆయన ఒక్కడే. డిలీట్ చేయబుద్ధి అయితలేదు" అని నవ్వాడు. అని ఊరుకోకుండా ఒకటి నొక్కి వినిపించాడు. అది మా బావ గొంతు. పిల్లలు మంచిగున్నరా అని అడిగి ఆగాడు. ఆ ఆగడంలో వెనకాల మా జనరేటరు చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత టక్కున తెగిపోయింది.

నాకు అప్పుడు అర్థమైంది. ఎవరైనా కాసేపు మాట్లాడకుండా ఉంటే చెప్పడం అయిపోయిందనుకుని ఆ యంత్రం ముగించేస్తుంది. బావేమో పెద్దమనిషిని పలకరించి జవాబు కోసం ఆగుతున్నాడు. జవాబుకు బదులు మేడం వచ్చి ఇంగ్లీషులో థాంక్యూ చెబితే, సాబ్ ఏదో పనిలో ఉన్నాడు గాబోలు, మళ్ళీ వారం చూద్దాం అనుకుని పెట్టేసి, ఫోను అయ్యిందని మాత్రం నాతో అంటున్నాడు. సాబ్‌కు జరిగింది చెప్పాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టేసి తల పట్టుకున్నాడు. ఆ నెల ఛుట్టీలు అప్పటికే నిండిపోయాయి, వంతెన తనిఖీ ముందుంది, ఇంకొకరిని వదలమంటే మేనేజర్ ఒప్పుకోడు. "నువ్వు చెప్పినవ్, నేను విన్న. కని మెషీన్‌ల మాట ఉండాలె, తారీఖు పడాలె. ఎవరన్న కేన్సిల్ చేసుకుంటె ముందు ఈయన పేరే పెడత. రేపే పెట్టమను" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం బావను కూర్చోబెట్టి విడమరిచి చెప్పాను. ఆయనకు కోపం వచ్చింది. "అడగంగనె ఆగకుంట నా గోడు మొదలువెడితె అదేం మనిషితనం బామ్మర్దీ? బాగున్నవా అని అడిగి, ఆయన బాగున్నడో లేడో ఇనకముందె నాకు ఛుట్టీ ఇయ్యి అనాల్నా?" అన్నాడు. అవతల మనిషి లేడు, యంత్రం ఉంది అని ఎంత చెప్పినా, యంత్రం వెనక సాబ్ ఉన్నాడు గదా అనేవాడు. అదీ నిజమే. పలకరింపు వదిలెయ్యి అంటే వదలలేడు. పలకరించాక ఆగకు అంటే, నోరు తనంతట తానే ఆగిపోయేది. రిసీవరు లేకుండా నా ఎదుట ఎన్నిసార్లు చెప్పి చూసినా, పిల్లలు మంచిగున్నరా అన్న చోటికి రాగానే నా మొహంలోకి చూసేవాడు. నేనూ మామూలుగానే, ఆఁ మంచిగున్నరు అనేవాణ్ణి. ఇద్దరం నవ్వుకునేవాళ్ళం. ఆ వెంటనే మళ్ళీ మొదటి నుంచి చెప్పించేవాణ్ణి, ఎందుకంటే అక్కడ ఊళ్ళో రోజులు దగ్గరపడుతున్నాయి.

ఉన్నట్టుండి నాకు క్రేను గుర్తొచ్చింది. క్రేను ఎక్కి కూర్చున్నవాడికి కింద బరువు ఎక్కడికి దిగుతోందో కనపడదు. కింద నిలబడ్డ బావ వాకీటాకీలో ధీరే, ధీరే, నీచే, నీచే, అంటే మెల్లగా కిందికి అని, బరువు దిగి బస్ అనేదాకా ఆపకుండా చెబుతూనే ఉండాలి. ఆ గొంతు ఆగిందంటే పైవాడు బరువును ఉన్నచోటే ఆపేయాలి, అది నియమం. ఆ పనిలో బావ గొంతు ఏనాడూ ఆగలేదు. ఈ ఫోనూ క్రేనే బావా, నువ్వు ఆగితే అదీ ఆగుతుంది, బరువు గాలిలోనే ఉండిపోతుంది అన్నాను. ఆయన చంకలోని హెల్మెట్ తీసి నెత్తిన పెట్టుకున్నాడు.

ఆ రోజు మాత్రం నేను బయటికి పోలేదు, ఆయనే ఉండమన్నాడు. కూత వినపడగానే, క్యాబిన్ రేకులు అదిరేలా మొదలుపెట్టాడు. "సలామలేకుం సాబ్ మీరు మంచిగున్నరు పిల్లలు మంచిగున్నరు నేను మంచిగున్న, నా భార్యకు నెలలు నిండుతున్నయ్ సాబ్, పోయినపాలి బిడ్డ దక్కలె నేను లేను, ఈపాలి ఉండాలె, ఛుట్టీ కావాలె సాబ్, రేపిచ్చినా పోత, ధీరే, ధీరే, బస్!" మధ్యలో ఐడీ నంబరు కూడా చెప్పాడు. రిసీవరు పెట్టి చూస్తే ఒళ్ళంతా చెమట. "ఆయన జవాబు కూడ నేనే చెప్పిన బామ్మర్దీ, ఏమనుకుంటడో" అన్నాడు.

సాబ్ ఏమీ అనుకోలేదు. ఎవరో నేపాలీ తన ఛుట్టీ వాయిదా వేసుకోగానే బావ పేరు పెట్టాడు. కాగితం రావడానికి, టికెట్ దొరకడానికి ఇంకొన్ని రోజులు పట్టింది. చివరికి ఒక పొద్దున బావ చిన్న సంచీ ఒకటి పట్టుకుని, మిగతా సామానంతా క్యాంపులోనే వదిలేసి, విమానం ఎక్కాడు.

ఆ మధ్యాహ్నమే, అందరూ నీడకు పడుకున్న వేళ, సైట్ ఆఫీసు ఫోనులో ఎర్రదీపం మినుకుమంటూ కనిపించింది. ఎవరూ ఎత్తనప్పుడు వచ్చిన మాటల్ని పట్టి ఉంచే యంత్రం దానికీ ఉండేది. నేను క్యాంటీన్‌కు పోయినప్పుడు ఎవరో చేశారన్నమాట. ఒకటి నొక్కాను. ఒక ముసలామె గొంతు. మా చెల్లెలి తల్లి, నాకు చిన్నమ్మ వరస. అవసరానికి ఉంటుందని బావ ఆ నంబరు ఇచ్చి ఉంచాడు. "ఆఁ, కొడుకా, నేను చిన్నమ్మను మాట్లాడుతున్న. మంచిగున్నవా బిడ్డా? దుబాయ్‌ల ఎండలు మస్తుగున్నయంట. అన్నం తిన్నవా?" అంది. అని ఆగింది.

ఆ కాసేపు నా జీవితంలో ఎంత పొడుగో ఏ లెక్కకూ అందదు. తెగిపోతుందని నాకు తెలుసు, చెప్పు చిన్నమ్మా అని అరవాలనిపించింది. ఆమె నా జవాబు కోసం ఎదురు చూస్తోంది. ఎవరో తలుపు జరిపారు. ఎక్కడో గిన్నె కింద పడింది. అప్పుడు, దూరంగా, సన్నగా, కొత్తగా, ఒక పసిపిల్ల ఏడుపు. ఒక్కసారి కాదు, ఆగకుండా, ఊపిరి ఉన్న ఏడుపు. దాన్ని సముదాయిస్తూ మా చెల్లెలి నీరసమైన గొంతు. ఆ మీదట తెగిపోయింది.

నేను ఆ ఖాళీ క్యాబిన్‌లో నిలబడి, తిన్న చిన్నమ్మా, తిన్న అని పైకే అన్నాను.

బావ ఆ వేళకు గాలిలో ఉన్నాడు. దవాఖాన బయట నిలబడడం ఆయనకు ఈసారీ దక్కలేదు, ఒక్క పూట తేడాతో. ఆయన చేరేసరికి బిడ్డ స్నానం చేసి పడుకుని ఉందట. తర్వాత కలిసినప్పుడు, "నాకన్న ముందు నువ్వే ఇన్నవ్ బామ్మర్దీ" అన్నాడు. ఆ మాటలో సంతోషం ఎంతో, అలసట ఎంతో నాకు తెలియదు, ఆయనకూ తెలిసి ఉండదు.

వంతెన పూర్తయింది. క్యాబిన్ ఎత్తేశారు, బల్లఫోను ఏ చెత్తలో కలిసిందో. ప్రపంచకప్పు కూడా అయిపోయింది, నేను ఇక్కడ మా ఇంట్లో టీవీలో చూస్తూ, మా వంతెన ఎక్కడైనా కనపడుతుందేమోనని వెతికి, కనపడక నిద్రపోయాను. ఆ పిల్ల ఇప్పుడు బడికి పోతోంది. తల్లి ఫోను తీసుకుని నాకు వాట్సాప్‌లో మాటలు పంపుతుంది, మామా అని మొదలుపెట్టి ఊపిరి తీసుకోకుండా చెప్పుకుపోతుంది. వాళ్ళ నాన్న హెల్మెట్ పెట్టుకుని చెమటలు కక్కి నేర్చుకున్న విద్య ఆ పిల్లకు పుట్టుకతోనే వచ్చేసింది. పిల్లదాని తప్పేం లేదు, ఇప్పుడు అందరి మాటా అంతే. పంపేవాళ్ళు ఆగరు, వినేవాళ్ళు రెండింతల వేగం పెట్టుకుని వింటారు. చిన్నమ్మ పోయిన ఏడాదే పోయింది. అన్నం తిన్నవా అని అడిగి, తిన్నానని చెప్పేదాకా అవతల ఊపిరి బిగబట్టి ఆగే మనిషి నా ఫోనులో ఇంక లేదు.

గ్యాస్ ఆవిడ మాత్రం ఆగుతుంది. ఒకటి నొక్కమని మొదటి నుంచి మళ్ళీ చెప్పి, పాపం, నేను నొక్కేదాకా ఏమీ అనకుండా ఆగుతుంది. ఆ నిశ్శబ్దంలో ఏ చప్పుడూ ఉండదని తెలిసీ, నేను కాసేపు చెవి ఒగ్గి వింటాను.