ఏజెంటుగారి అనుమానం

సముద్రం ఒడ్డున ఇసుక మీద కాలనీ లేచిన నాటి నుంచీ ఆ అసెంబ్లీ సీటు ఒకే పార్టీది. గట్టు వెంబడి అపార్ట్‌మెంట్లు వచ్చాక మెజారిటీ ఎన్నికకెన్నికకీ కరిగి, పోయినసారి ఒక్కటంటే ఒక్క ఓటు తేడాతో చేజారింది. ఆ ద్రోహి ఎవరన్నదే, కాలనీలో ఆ పార్టీ పనులు చూసే ఏజెంటుగారికి పట్టుకున్న పిచ్చి. ఉప్పుగాలికి తుప్పుపట్టిన స్కూటర్‌ని నెమ్మదిగా నడుపుతూ ప్రతి గుమ్మంలోకీ మెడ సాచి చూస్తాడు. ఎవరైనా పలకరిస్తే దొంగనవ్వంటాడు, పలకరించకపోతే మొహం చెల్లలేదంటాడు. గడ్డం మీద కత్తి ఆడుతున్నా సరే, సెలూన్ అతని కళ్లలోకి అద్దంలోంచి చూస్తూ, "నిజం చెప్పు, ఎవరికేశావు?" అంటాడు. సొంత బావమరిదితో మాటలు మానేశాడు.

మొన్న భోజనాల దగ్గర మళ్లీ అదే పాట. "మంచంలో ఉన్న ముసలమ్మని కూడా మోసుకెళ్లి ఓటేయించాను. అయినా ఎవడో వెన్నుపోటు పొడిచాడు."

"అందర్నీ బండెక్కించారు," అంది భార్య, నీళ్ల గ్లాసు ముందుకు జరుపుతూ. "నాకోసం కూడా వస్తారని పొద్దుగూకేదాకా చెప్పులేసుకుని గుమ్మంలోనే కూర్చున్నాను."

ఆయన చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. కళ్లు చిన్నవి చేసి, "వచ్చుంటే ఎవరికేసేదానివి?" అన్నాడు.

"ఊరందర్నీ ఓటడిగారు. ఇన్నేళ్లలో నన్నెప్పుడైనా అడిగారా?"